తల్లిచెట్ల తోటకు ఇంటి నంబరు

కొత్తగా సబ్ రిజిస్ట్రార్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మొహమాటంగా కాసేపు కూర్చుని, కాఫీ తాగి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు, మీ సర్వీసులో ఎన్ని దస్తావేజులు రిజిస్టర్ చేసుంటారు మేడమ్ అని. లెక్క నాకు తెలియదు. నా సంతకంతో ఇల్లూ పొలమూ సంపాదించుకున్నవాళ్లలో సగం మంది నన్ను బజారులో గుర్తుపట్టరు కూడా. కానీ నేను రిజిస్టర్ చెయ్యనని తిప్పి పంపిన దస్తావేజు ఒకటుంది. దాని గురించి అడిగితే మాత్రం నన్ను ఆపడం కష్టం. కొంచెం గొప్పలు పోతాను, ముందే చెబుతున్నాను. ముప్పై ఏళ్లు ఆ శాఖలో నలిగినదాన్ని, ఆ మాత్రం హక్కు ఉందనుకుంటాను.

అప్పట్లో మా ఆఫీసు కడియం నర్సరీలకు దగ్గర్లో, కాలవ గట్టున ఒక అద్దె మేడలో ఉండేది. ఊరి పేరు చెప్పను. కింద జిరాక్సు షాపు, దస్తావేజు లేఖరుల బల్లలు, పైన మేము. నాతో ఇద్దరు జూనియర్లు, ఒక అటెండరు, ఒక సీనియర్ అసిస్టెంటు గారు. ఈ సీనియర్ గారు నాకన్నా పదవిలో చిన్న, వయసులో పెద్ద. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన రోజుల్లో నాకు ఇండెక్సు రాయడం నేర్పింది ఆయనే. రూల్సు పుస్తకం మొత్తం ఆయనకు కంఠతా వచ్చు. ఏదైనా నచ్చకపోతే "ఊఁ" అనేవారు. పై అధికారుల మెమోలకు నేను ఎప్పుడూ భయపడలేదు గానీ ఆ "ఊఁ"కి మాత్రం భయపడేదాన్ని.

కథలోకి వెళ్లే ముందు చట్టం సంగతి ఒక్క ముక్క. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు, పూర్వీకులు మనవాళ్లే అయినా, ఆ సంగతి గుర్తించి కేంద్రం ఇచ్చే ఓసీఐ కార్డు చేతిలో ఉన్నా, ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు, ఇళ్ల స్థలం కొనుక్కోవచ్చు, షాపు కొనుక్కోవచ్చు. చేను, తోట, ఫామ్‌హౌసు మాత్రం కొనకూడదు. అది కేంద్రం చట్టం. ఏ చట్టమైనా ఒక బదిలీ కూడదని చెబితే ఆ దస్తావేజు రిజిస్టర్ చెయ్యొద్దని మన రాష్ట్రం రిజిస్ట్రేషన్ చట్టంలో చేర్చుకున్నదే సెక్షను ఇరవై రెండు-ఎ. ఆ నంబరు ఇప్పుడు రైతులందరికీ నోటికి వచ్చు. ఈ రెండూ కలిపి చదువుకోవాలని పరీక్షల్లో రాసి పాసైనదాన్ని నేను. చదవడం వేరు, చదివింది బల్ల మీదికి వచ్చినప్పుడు గుర్తుపట్టడం వేరు.

ఎందుకంటే మొదటిసారి నేను గుర్తుపట్టలేదు. తప్పు దాచుకుని గొప్ప ఒక్కటే చెప్పుకుంటే బాగుండదు కాబట్టి అది ముందు చెబుతాను.

మార్చి నెల. ఆదాయం టార్గెట్ అందలేదని జిల్లా ఆఫీసు నుంచి రోజుకు రెండు ఫోన్లు. అలాంటి రోజుల్లో మా కింది బల్లల్లో బాగా పేరున్న ఒక లేఖరి ఒక దస్తావేజు పట్టుకుని పైకి వచ్చాడు. ఆయన రాయడంతో ఆగేవాడు కాదు, బేరాలు కూడా కుదిర్చేవాడు. విదేశీ పాస్‌పోర్టులున్న భార్యాభర్తలిద్దరు ఇళ్ల స్థలం కొంటున్నారు. విస్తీర్ణం గజాల్లో ఉంది, ఒక షెడ్డు ఉంది, షెడ్డుకు పంచాయతీ ఇంటి నంబరు ఉంది, పన్ను రసీదు జతపరిచి ఉంది.

మా వృత్తిలో రోజూ ఆడే దొంగాట ఏంటంటే, ఇళ్ల స్థలాన్ని చేను అని రాసుకురావడం. గజాల్లో రాయాల్సింది సెంట్లలో రాస్తారు, స్టాంపు డ్యూటీ తగ్గుతుందని. వాళ్లను పట్టుకోవడమే మాకు పని. ఈ దస్తావేజు దానికి సరిగ్గా తలకిందులు. వీళ్లు ఎక్కువ డ్యూటీ కట్టడానికి నవ్వుతూ వచ్చారు. బుర్ర ఉన్నవాళ్లెవరైనా అక్కడే ఆగాలి. నేను ఆగకపోగా సంతోషించాను. సంతకం పెట్టాను, టార్గెట్ దాటింది, పై అధికారి ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ ఊపులో ఆఫీసంతటికీ తాపేశ్వరం కాజాలు తెప్పించాను. సీనియర్ గారు ఒకటి చేతిలోకి తీసుకుని, "డ్యూటీ ఎక్కువ కడతాననేవాణ్ణి చూస్తే నాకెందుకో తినబుద్ధి కావట్లేదండి" అన్నారు. తిన్నారనుకోండి. నేనూ రెండు తిన్నాను.

నాలుగు నెలలు గడిచాయి. వానలు పడుతున్న రోజుల్లో ఒకావిడ ఆఫీసుకి వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. గోళ్లలో మట్టి, చీర కుచ్చెళ్లు పైకి దోపి ఉన్నాయి. నర్సరీలో పని మధ్యలో లేచి వచ్చిందని చూడగానే తెలుస్తోంది. లైన్లో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, నా ముందుకు వచ్చి అడిగింది.

"మా పక్క తోటని ఇళ్ల స్థలమని రాసింది మీరేనాండి?"

"రాసేది లేఖరి అమ్మా. నేను రిజిస్టర్ చేస్తాను."

"ఎవరు రాస్తే ఏంటండి. చెట్లన్నీ కొట్టేసి గోడ కట్టేసేరు. అందులో మా మరిది పద్దెనిమిదేళ్లు మామిడి అంట్లు కట్టుకున్నాడండి. ఇప్పుడు లారీల మీద లోడింగుకి ఎళ్తన్నాడు."

నాకు ఒక్కసారి అంతా అర్థమైంది. గజాలు, షెడ్డు, ఇంటి నంబరు, ఎక్కువ డ్యూటీ, నవ్వు ముఖాలు. అది తోట. విదేశీయులకు తోట అమ్మకూడదు కాబట్టి దానికి ఇంటి నంబరు తగిలించారు. నేను దాని మీద ప్రభుత్వ ముద్ర వేసి, స్వీట్లు పంచాను. ఆవిడను కూర్చోమన్నాను.

ఆవిడ చెప్పింది ఇది. పక్క టౌన్లో బట్టల షాపున్న ఒక వర్తకుడి తోట ఎకరంన్నర ఆవిడ కౌలుకి చేస్తోంది. వాళ్ల అత్తమామల కాలం నుంచీ అదే కౌలు. ఇప్పుడు అదే లేఖరి టేపు పట్టుకుని వచ్చి ఆ తోటను కొలిచి వెళ్లాడు. షెడ్డు తలుపుకి నంబరు రాయడానికి కొలత తీసుకున్నారు.

"కౌలు కాగితం ఏమైనా ఉందా?" అని అడిగాను.

"కాగితం ఎక్కడిదండి. మాటే. మా మావగారప్పటి నుంచీ మాటే."

మన వైపు అంతే కదా. షావుకారు మాట ఇస్తాడు, కౌలుదారు మాట మీద బతుకుతాడు, ముప్పై ఏళ్లు ఎవరూ కాగితం అడగరు. అడిగితే నమ్మకం లేదనుకుంటారని మొహమాటం. దాంతో చట్టం ముందు ఆవిడ చేతిలో ఏమీ లేదు. తోట తోటగా ఉన్నంత కాలమే ఆవిడకు బతుకుంది.

"మొక్కలు మీవేగా, వేరే చోటికి తీసుకెళ్లలేరా?"

"కవర్లో మొక్క మాదండి, ఎత్తి బండిలో పెడతాం. తల్లి చెట్లు ఉన్నాయి కదండి, అవి నేల్లో ఉన్నాయి. వాటి పుల్ల కోస్తేనే అంటు. అవి పోతే నేను కవర్లలో మట్టి నింపుకోడం తప్ప చేసేదేం ఉండదండి."

దస్తావేజు దాఖలు కాకుండా నేనేమీ చెయ్యలేనని రూలు చెప్పాను. ఆవిడ లేచి నిలబడి, "దాఖలయ్యేక ఏం చేస్తారండి? పోయినసారి కాజాలు పంచేరంట కదండి" అంది. కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

మూడు వారాల తర్వాత దస్తావేజు వచ్చింది. లేఖరి, బట్టల షాపు వర్తకుడు, వాళ్ల వెనక కొనుగోలుదారు. ఎలాంటివాడు వస్తాడో ముందే ఊహించుకుని, గట్టిగా మాట్లాడాలని సిద్ధంగా కూర్చున్నాను. వచ్చిన ఆయన అరవై దాటిన మనిషి, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

"నమస్కారము. నేను మారిషస్ దేశస్థుడను. నా ముత్తాత ఈ ప్రాంతము నుండి కోరంగి రేవులో ఓడ ఎక్కెను."

జూనియర్లిద్దరూ ఫైళ్ల వెనక మొహాలు దాచుకున్నారు. ఆయన చిన్నతనంలో సాయంకాలం బడిలో తెలుగు నేర్చుకున్నాడట. ఇంట్లో ఎవరూ మాట్లాడరు, బడిలో పుస్తకమే మాట్లాడేది. చెరుకు తోటల్లో కూలికి వెళ్లిన మనిషికి మునిమనవడు, ఉపాధ్యాయుడిగా రిటైరై, దాచుకున్నదంతా తెచ్చి ముత్తాత పుట్టిన వైపు కొంచెం నేల కొనుక్కుందామని వచ్చాడు. ఓసీఐ కార్డును రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయనంటే నాకు వెంటనే ఇష్టం కలిగింది. అదే నాకు వచ్చిన చిక్కు. దొంగను తిప్పి పంపడం సులువు.

"భూమిని ఇళ్ల స్థలంగా మార్చిన అనుమతి ఏదండి?" అని లేఖరిని అడిగాను. అది ఉంటే నేను మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు.

"దరఖాస్తులో ఉందండి, ఇవాళో రేపో వచ్చేస్తది. ఇంటి పన్ను రసీదు ఉంది కదండి."

సీనియర్ గారు నా పక్కకు వంగి మెల్లిగా అన్నారు. "మేడమ్ గారూ, దస్తావేజు చెల్లుతుందా చెల్లదా అన్నది మన పని కాదని రూలుంది. తిప్పి పంపితే అప్పీలుకి వెళ్తారు. పోయినసారి చేసి ఈసారి ఎందుకు చెయ్యలేదని మిమ్మల్నే అడుగుతారు."

"షెడ్డుకి విలువ కట్టాలంటే మనం స్థలం చూడొచ్చని కూడా రూలుంది కదండి?"

"ఊఁ."

"ఆ ఊఁకి అర్థం ఏంటండి?"

"ఉందండి అని," అన్నారు ఆయన, కళ్లజోడు తుడుచుకుంటూ. "పదండి, నేనూ వస్తాను."

ఆ మధ్యాహ్నమే అందరం కలిసి వెళ్లాం. షెడ్డు తలుపు మీద ఇంటి నంబరు నీలం రంగుతో రాసి ఉంది. ముట్టుకుంటే వేలికి అంటింది. షెడ్డులో ఒక మంచం, స్టవ్వు, దేవుడి పటం. మంచం మీద దుప్పటికి కొన్నప్పటి మడతలు కూడా పోలేదు. బయట చూపు ఆనినంత మేర నల్ల కవర్లలో మొక్కలు వరసలుగా పేర్చి ఉన్నాయి. వాటి చివర ఆకుపచ్చ షేడ్‌నెట్ ఒకటి నిలువుగా, తెరలాగా కట్టి ఉంది. కౌలుదారు ఆవిడ ఒక వార నిలబడి ఉంది. వర్తకుడు ఆవిడ వైపు ఒకసారి చూశాడు. ఆవిడ తల దించుకుంది.

లేఖరి తెలివైనవాడు. నేను నోరు తెరవకముందే మొదలెట్టాడు.

"చూడండి మేడమ్ గారూ. పంట అంటే నేల్లో ఉండాలి కదండి. ఇక్కడ నేల్లో ఏమీ లేదు. అన్నీ కవర్లలో ఉన్నాయి. కవర్లు ఎత్తేస్తే ఖాళీ స్థలం. షాపు ముందు పూలకుండీలు పెట్టుకుంటే షాపు తోట అయిపోద్దాండి?"

నేను వంగి ఒక కవరు పక్కకు జరిపి చూశాను. సీనియర్ గారు కూడా నేల వైపు చూస్తున్నారు. కవర్ల కింద నేల నిజంగానే గట్టిగా, చదునుగా, ఏ మొలకా లేకుండా ఉంది. మారిషస్ ఆయన మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు, తన పని అయిందో లేదో తెలియక.

అప్పుడు నేను కౌలుదారు ఆవిడ వైపు తిరిగి ఒక్కటే అడిగాను. "అంట్లకి పుల్లలు ఎక్కణ్ణించి కోస్తావమ్మా?"

"బయట కొంటదండి," అన్నాడు వర్తకుడు.

షావుకారు ఎదుట, షావుకారు నేల మీద నిలబడి, ఆయన మాట అబద్ధమని చెబితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. కాగితం లేని కౌలు, రేపు పొద్దున్నే పొమ్మంటే పోవాలి. అడిగినందుకు నాకే భయం వేసింది. చివరికి ఆవిడ తల ఎత్తింది.

"బయట పుల్లలు తెస్తే మధ్యానానికే వాడిపోతాయండి. అంటు పట్టదు."

వరసల మధ్యలోంచి నడిచి వెళ్లి, షేడ్‌నెట్ అంచు పట్టుకుని పక్కకు లాగింది.

వెనక పదకొండు మామిడి చెట్లు. ఎత్తు తక్కువ, మొదళ్లు మాత్రం నా రెండు చేతులకీ అందనంత లావు. కొమ్మ కొమ్మకీ కోసిన గాట్లు, గాట్ల మీద మళ్లీ చిగుళ్లు. ఆవిడ ఒక్కో చెట్టు మీదా చెయ్యి వేసి పేరు చెప్పింది. "ఇది కొత్తపల్లి కొబ్బరండి. ఇది సువర్ణరేఖ. ఇది చెరుకు రసం, దీని పుల్లలు పోయినేడు ఒరిస్సా దాకా ఎళ్లేయి. ఈ మూలది మా అత్తగారు పాతింది, నాకన్నా పెద్దది."

లేఖరి వదల్లేదు. "ఇంటి పెరట్లో మామిడి చెట్లుండవాండి?"

"పెరటి చెట్టుకి కాయలుంటాయి కదండి," అంది ఆవిడ. "వీటిని మేం కాయ కాయనివ్వం. పూత వచ్చినా తుంచేస్తాం. పుల్ల కోసమే పెంచుతాం. కాయ లేని మామిడి చెట్టుని పెరట్లో ఎవరు పెట్టుకుంటారండి?"

సీనియర్ గారు ఈసారి "ఊఁ" అనలేదు. జేబులోంచి కాగితం తీసి చెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను అన్ని కొమ్మలూ తిరిగి చూశాను. కాయ కోసిన తొడిమ ఒక్కటీ లేదు. అది ఖాళీ స్థలం కాదు, పెరడు కాదు. రెండు తరాల చేతుల మీద నడిచిన తోట. ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చుని చేను, తోట, స్థలం అని ముద్రలు వేసిన నేను, తోట అంటే ఏంటో మొదటిసారి చూసింది ఆ రోజే.

మారిషస్ ఆయన ఆవిడ దగ్గరికి వెళ్లాడు. "అమ్మా, ఈ నేల మీది కాదా?"

"కాదండి. కౌలు."

"మీకు వేరొక నేల ఉన్నదా?"

"లేదండి."

ఆయన ఆ మూల చెట్టు దగ్గరికి వెళ్లి ఒక గాటును వేలితో తడిమి చూశాడు.

ఆఫీసుకి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఆ చుట్టుపక్కల మాట చెల్లే ఒక పెద్దమనిషి. చిన్న విషయాన్ని పెద్దది చేస్తున్నారని, మంచి ఆఫీసరు అని విన్నానని, ఏజెన్సీ కొండల్లో పోస్టులు ఖాళీగా ఉన్నాయని, ఇలా మూడు విషయాలు ఒకే గుక్కలో చెప్పారు. "ఇదే మాట ఒక కాగితం మీద రాసి పంపండి, ఫైల్లో పెడతాను" అన్నాను. ఆయన పెట్టేశారు.

లేఖరి ఈలోగా ఇంకో దారి కనిపెట్టాడు. దస్తావేజు వర్తకుడి బావమరిది పేరు మీద రాయించుకుని, డబ్బు మారిషస్ ఆయన ఇచ్చి, లోపల ఒక ఒప్పందం రాసుకుంటే సరిపోతుందట. నా ఎదుటే, నా బల్ల ముందే చెబుతున్నాడు. మారిషస్ ఆయన చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"ఇల్లు కొనవచ్చును. తోట కొనరాదు. అంతియేనా?"

"అంతేనండి. చట్టం. మీరు ఎవరైనా సరే, నేను ఇదే చెప్పాలి."

ఆయన బల్ల మీది ఓసీఐ కార్డు తీసుకుని మళ్లీ రుమాల్లో చుట్టుకున్నాడు. నేను ఆయన మనసు విరిచానని నాకు తెలుసు. సముద్రం దాటి వచ్చిన మనిషికి ఒక ముద్ర వెయ్యనని చెబుతున్నాను. తర్వాత ఆయన అన్న మాట నేను ఎన్ని వందల సార్లు తలుచుకున్నానో.

"నా ముత్తాతకు చేను ఉన్నయెడల ఆయన ఓడ ఎక్కియుండడు. ఆమెకునూ చేను లేదు. ఇప్పుడు నేను ఈ తోట కొన్నయెడల, ఆమెను ఏ ఓడ ఎక్కింతురు?"

పొద్దున్న నవ్విన జూనియర్లు లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో వాళ్లకే తెలియదు. ఆయన వర్తకుడికి నమస్కారం పెట్టి, నాకు వద్దండి అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆయన వద్దన్నా వర్తకుడు దస్తావేజు వెనక్కి తీసుకోలేదు. రిజిస్టర్ అయితే ఆయనే మనసు మార్చుకుంటాడులే అని లేఖరి ధైర్యం చెప్పి ఉంటాడు. కాబట్టి నేను రాతపూర్వకంగా కాదనాలి. తిరస్కరణలు రాసే పుస్తకం ఒకటుంటుంది మాకు. మా ఆఫీసులో దానికి బూజు పట్టింది. సీనియర్ గారు దాన్ని దులిపి తెచ్చి నా ముందు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇరవై రెండు-ఎ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకండి. చెట్లు రాయండి. ఎన్ని, ఏ రకం, మొదలు చుట్టుకొలత ఎంత, కాయ ఎందుకు లేదు. అప్పీల్లో సెక్షన్ల మీద వాదించుకుంటారు గానీ చెట్లను కాదనలేరు."

రాశాను. రెండు పేజీలు. ఆయన చెబుతున్న చుట్టుకొలతలు వింటూ, పదకొండు చెట్లూ ఒక్కొక్కటే రాశాను. నా సర్వీసులో అంత శ్రద్ధగా ఏదీ రాయలేదు. ఇప్పటికీ అందులో కొన్ని వాక్యాలు నాకు నోటికి వచ్చు, అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను.

వర్తకుడు అప్పీలు చేశాడు. విచారణ అయ్యేదాకా రెండు నెలలు ఆఫీసంతా నా బదిలీ గురించే మాట్లాడుకుంది. తోటలో ఆవిడ పరిస్థితి నాకన్నా అన్యాయం. వెళ్లిపొమ్మని వర్తకుడు రెండుసార్లు మనిషిని పంపాడు. కానీ చెట్లు ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కేశాయి, వాటిని కొడితే తన కేసు తనే చెడగొట్టుకున్నట్టని ఆయన వకీలే చెప్పాడట. అలా ఆ రెండు పేజీలు చెట్లకి కాపలా కాశాయి. చెట్లు ఉన్నాయి కాబట్టి ఆవిడా ఉంది. అప్పీలు కొట్టేశారు. పై అధికారి తన ఉత్తర్వులో నా వాక్యాలే ఎత్తి రాశారు. ఆ కాపీ చేతికి వచ్చిన రోజు నేను ఇంటికి నడిచి వెళ్లాను, బస్సెక్కితే ఆ సంతోషం తొందరగా అయిపోతుందనిపించి. నా మీద నాకు అంత గర్వం అంతకు ముందు కలగలేదు, ఆ తర్వాతా కలగలేదు.

మొదటి తోట సంగతి కూడా దాచలేదు. అది నా పొరపాటని నేనే జిల్లా ఆఫీసుకి రాశాను. సీనియర్ గారు రాయొద్దని అన్నారు, రాశాక మాత్రం టైపులో తప్పులు దిద్దిపెట్టారు. నా మీద మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చాను. రిజిస్టర్ అయిపోయినదాన్ని మా శాఖ రద్దు చెయ్యలేదు, ఆ ఫైలు పెద్ద ఆఫీసులకు వెళ్లింది, ఇంకా తిరుగుతోందనే విన్నాను. ఏ ఉత్తర్వు వచ్చినా కొట్టేసిన చెట్లు తిరిగి రావు. ఆ తోటలో అంట్లు కట్టిన మరిది ఇప్పుడు వదిన తోటలోనే పని చేస్తున్నాడు. నన్ను చూస్తే పలకరిస్తాడు. అతను పలకరించకపోయినా నేనేమీ అనుకోను.

మారిషస్ ఆయన మరుసటేడు మళ్లీ వచ్చాడు. రామచంద్రపురంలో రెండు గదుల పెంకుటిల్లు చూసుకుని, అక్కడి ఆఫీసుకి వెళ్లే ముందు ఆ కాగితాలన్నీ నాకు చూపించడానికి తెచ్చాడు. అంతా శుభ్రంగా ఉంది. "దీనికి మీరు ఆగ్రహింపరు కదా" అని అడిగాడు. నేను నవ్వాను, ఆయనా నవ్వాడు.

నేను రిటైరైన రెండో ఏడు, కౌలుదారు ఆవిడ మా ఇంటికి వచ్చింది. వర్తకుడి పిల్లలు ఆస్తి పంచుకుంటూ తోటను ముక్కలుగా అమ్ముతున్నారు. ఎకరంన్నర కొనే స్తోమత ఆవిడకు లేదు. డ్వాక్రా గ్రూపు అప్పు, మరిది చేసిన సాయం కలిపి, తల్లి చెట్లున్న వెనక నలభై సెంట్లు తీసుకుంటోంది.

"సాక్షి సంతకానికి మీరు రావాలండి," అంది.

"మీ ఊళ్లో ఎవరూ లేరా ఏంటి?"

"ఉన్నారండి. ఆ రోజున తోటలోకి వచ్చింది మీరు కదండి."

వెళ్లాను. ఇప్పుడక్కడ చేస్తున్న సబ్ రిజిస్ట్రారు చిన్న వయసు కుర్రాడు, నన్ను చూసి కుర్చీలోంచి లేవబోతే కూర్చోమన్నాను. కొత్త లేఖరి రాసిన దస్తావేజు బల్ల మీద ఉంది. సాక్షి సంతకం పెట్టే ముందు పూర్తిగా చదివాను, పాత అలవాటు. సర్వే నంబరు సరిపోయింది. హద్దులు సరిపోయాయి. తోట అనే రాశారు, సెంట్లలోనే రాశారు. కొనుగోలుదారు పేరు, భర్త పేరు, వయసు చూసుకుంటూ వృత్తి దగ్గరికి వచ్చాను. కూలి అని ఉంది.

లేఖరిని అడిగితే, "ఆధార్ ఇచ్చినప్పుడు ఆవిడే చెప్పిందండి" అన్నాడు. ఆవిడ వైపు చూశాను. ఏం తప్పు చెప్పానా అన్నట్టు కంగారుగా నిలబడి ఉంది.

"ఇది దిద్దాలి బాబూ," అన్నాను ఆ సబ్ రిజిస్ట్రారుతో. "రైతు అని రాయించండి."

అతను పెన్ను అందించాడు. లేఖరి ఆ మాట కొట్టేసి పైన రైతు అని రాశాడు. కొట్టివేత పక్కన ఆవిడ నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. దాని కింద నేను చేశాను.